ఇల్లు తాకట్టు, బతుకు తాకట్టు: గృహరుణ బకాయిలు, సర్ఫేసీ చట్టం, దళిత కుటుంబాలు

దళితుల భూమి ప్రశ్న మీద తెలుగులో చాలా చర్చ జరిగింది. ఇంటి ప్రశ్న మీద అంత జరగలేదు. జరిగినదంతా ఇంటి స్థలం ఎట్లా సంపాదించాలనే దాని చుట్టే తిరిగింది. పట్టా కావాలి, కాలనీ కావాలి, పక్కా ఇల్లు కావాలి అని ప్రభుత్వాన్ని అడిగాం, కొట్లాడాం, కొంత తెచ్చుకున్నాం. తెచ్చుకున్న ఇల్లు, కట్టుకున్న ఇల్లు చేజారిపోతుంటే ఏం చెయ్యాలి అన్నది మాత్రం ఎవరింటి గొడవ వాళ్ళదే అన్నట్టుగా మిగిలిపోయింది. బ్యాంకు నోటీసు తలుపు మీద అంటించిన రోజున ఆ కుటుంబం సిగ్గుతో తలుపేసుకుంటుంది. వాడలో ఎవరూ మాట్లాడరు. సంఘం వాళ్ళకు చెప్పరు. చెప్పేసరికి వేలం అయిపోయి ఉంటుంది.

ఇది ఒక కుటుంబం చేతగానితనం కాదు. దీనికొక చట్టముంది, ఆ చట్టానికొక నడక ఉంది, ఆ నడకలో గడువులున్నాయి. గడువులు తెలిసినోడు నిలబడతాడు, తెలియనోడు వీధిన పడతాడు. కార్యకర్తలకు, విద్యార్థులకు, టీచర్లకు ఆ నడకను విడమరిచి చెప్పడం, ఆ చట్టంలో కులం ఎక్కడ దాక్కుని ఉందో చూపడం ఈ వ్యాసం పని.

ఇల్లంటే మనకేమిటి

1947లో రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో అంబేద్కర్ షెడ్యూల్డు కులాలకు వేరు గ్రామాలు కావాలని, ప్రభుత్వ భూముల్లో వాటిని ఏర్పాటు చెయ్యడానికి ఒక కమిషన్ ఉండాలని అడిగాడు. ఊరి వాళ్ళ భూమిలో, ఊరి వాళ్ళ దయ మీద గుడిసె వేసుకున్నవాడు ఊరికి ఎదురు మాట్లాడలేడన్నది ఆయనకు తెలుసు. 1985లో కారంచేడు హత్యాకాండ తర్వాత దళితులు ఆ ఊరు విడిచి చీరాలకు చేరి అక్కడే ఇళ్ళు కట్టుకుని నిలబడడం కూడా ఆ అర్థంలోనే చూడాలి. సొంత చూరు లేని ఆత్మగౌరవం ఎక్కువ కాలం నిలవదు.

సుప్రీంకోర్టు కూడా ఈ మాట ఒప్పుకుంది. చమేలీ సింగ్ వర్సెస్ ఉత్తరప్రదేశ్ కేసులో, దళితులకు ఇళ్ళు కట్టించడానికి భూమి సేకరించడం సరైనదేనని తేలుస్తూ, తలదాచుకునే చోటు హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. అయితే ఆ హక్కు బ్యాంకు నోటీసు ముందు తనంతట తాను నిలబడదు. అప్పు చట్టం వేరు దారిలో నడుస్తుంది.

ఇంకొక సంగతి. ఇల్లు పోతే అద్దె ఇంటికి పోవాలి. అద్దె ఇల్లు అడిగితే ముందు వచ్చే ప్రశ్న “మీరేమిటోళ్ళు?” మొదటి తరం ఉద్యోగస్తుడు, మునిసిపాలిటీ కార్మికురాలు, ఆటో డ్రైవరు తలకు మించిన అప్పు చేసైనా సొంత ఇల్లు కొనుక్కునేది ఆ ప్రశ్నను తప్పించుకోవడానికే. పై కులాల కుటుంబానికి పట్నంలో ఫ్లాటు పోతే ఊళ్ళో ఇల్లో పొలమో ఉండొచ్చు. మన కుటుంబానికి చాలాసార్లు పోయేదొక్కటే, ఉండేదీ ఒక్కటే.

ఇంటి మీద అప్పులో రకాలు

ఇంటి మీద అప్పు అనగానే అన్నీ ఒకటే అనుకుంటాం. ఎవరి దగ్గర తెచ్చాం, ఏ కాగితం మీద తెచ్చాం అన్నదాన్ని బట్టి చట్టం మారిపోతుంది. కార్యకర్త ముందుగా అడగవలసిన ప్రశ్న “ఎంత అప్పు?” అని కాదు, “ఏ కాగితం?” అని.

మొదటిది ప్రోనోటు అప్పు. ఇంటికి సంబంధించిన కాగితమేదీ ఇవ్వలేదు, నోటు మీద సంతకం మాత్రమే పెట్టారు. అప్పిచ్చినవాడు ఇంట్లోకి రావడానికి వీల్లేదు. సివిల్ కోర్టుకు పోయి డిక్రీ తెచ్చుకోవాలి. డిక్రీ తెచ్చుకున్నా, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం రైతు, కూలి, ఇంటి పనిమనిషి నివసిస్తున్న సొంత ఇంటిని ఆ డిక్రీ కింద జప్తు చెయ్యకూడదు, అమ్మకూడదు. కూలివాడి గూడు తియ్యొద్దని చట్టమే చెప్పిన అరుదైన చోటు ఇది. వాడల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

రెండోది రిజిస్టరు తనఖా, లేదా దస్తావేజులు బ్యాంకులో పెట్టి చేసే తనఖా. ఇక్కడ పైన చెప్పిన రక్షణ పోతుంది. ఇంటినే అప్పుకు హామీగా రాసిచ్చాం గనుక “నేను కూలివాణ్ణి, నా ఇల్లు జప్తు చెయ్యొద్దు” అనే మాట చెల్లదు. సర్ఫేసీ చట్టం 31వ సెక్షన్ కూడా 60వ సెక్షన్ రక్షణను ఉంచినట్టే ఉంచి, అప్పుకు ప్రత్యేకంగా తాకట్టు పెట్టిన ఆస్తిని అందులోంచి తీసేసింది. అంటే తనఖా కాగితం మీద పెట్టే ఒక్క సంతకంతో, తరాల నుంచి చట్టం ఇస్తూ వచ్చిన రక్షణను మనమే వదులుకుంటున్నాం. ఈ మాట సంతకం పెట్టించుకునేవాడు ఎన్నడూ చెప్పడు.

మూడోది అన్నిటికంటే ప్రమాదం. అప్పిచ్చేవాడు తనఖా రాయించుకోడు. “నమ్మకానికి” అని అమ్మకం దస్తావేజే రిజిస్టరు చేయించుకుంటాడు, లేదా అగ్రిమెంటూ జీపీఏ రాయించుకుంటాడు. డబ్బు కట్టినాక తిరిగి రాసిస్తానని నోటి మాట ఇస్తాడు. ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ప్రకారం, తిరిగి రాసివ్వాలనే షరతు అదే అమ్మకం కాగితంలో ఉంటే తప్ప దాన్ని తనఖాగా లెక్కపెట్టరు. నోటి మాటను కోర్టులో రుజువు చెయ్యడం మహా కష్టం. నిజమైన తనఖా అయితే ఆస్తిని విడిపించుకునే హక్కు 30 ఏళ్ళ దాకా ఉంటుంది. అమ్మకం కాగితానికి అది లేదు. అందుకని వాడలో ప్రచారం చెయ్యవలసిన మొదటి మాట ఇది: అప్పు కోసం అమ్మకం కాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దు.

నాలుగోది ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ అప్పు. 1979లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ బలహీన వర్గాలకు కట్టించిన ఇళ్ళలో కొంత సబ్సిడీ, కొంత అప్పు ఉండేది. ప్రభుత్వం ఇచ్చిన ఇల్లు అనుకున్నవాళ్ళలో చాలామందికి దాని మీద వడ్డీ పెరుగుతున్న సంగతే తెలియదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత బకాయిలకు ఒకేసారి పరిష్కారం ప్రకటించి, పల్లెల్లో 10,000, మునిసిపాలిటీల్లో 15,000, కార్పొరేషన్లలో 20,000 రూపాయలు కడితే హక్కు పత్రం ఇస్తామంది. ‘ఇచ్చిన ఇంటికి మళ్ళీ డబ్బులేంది’ అని జనం అడిగిన ప్రశ్న న్యాయమైనదే. ఆ ప్రశ్న ఎట్లా ఉన్నా, డబ్బు కట్టినవాళ్ళు రసీదూ హక్కు పత్రమూ తీసుకుని దాచుకోవాలి. రేపు కొడుకుల మధ్య పంపకానికైనా, బ్యాంకు ముందైనా మాట్లాడేది ఆ కాగితమే.

కిస్తీ లెక్క

బకాయి ఎందుకు పడుతుంది? తాగుబోతుతనమనీ, దుబారా అనీ బ్యాంకు మేనేజరు దగ్గర నుంచి బంధువుల దాకా ఒకటే పాట. లెక్క వేసి చూద్దాం.

10 లక్షల అప్పు, 20 ఏళ్ళ గడువు అనుకుందాం. 9 శాతం వడ్డీకి నెల కిస్తీ సుమారు 8,997 రూపాయలు. అదే అప్పు 14 శాతానికి తెస్తే కిస్తీ సుమారు 12,435. మొదటి వాడు 20 ఏళ్ళలో మొత్తం 21.6 లక్షలు కడితే, రెండో వాడు 29.8 లక్షలు కడతాడు. ఇంకా లోపలికి పోదాం. 14 శాతం వాడి మొదటి కిస్తీలో వడ్డీకే 11,667 పోతుంది, అసలుకు జమ అయ్యేది 768 రూపాయలు. మూడేళ్ళు ఒక్క నెల తప్పకుండా కడితే అతను కట్టిన సొమ్ము 4 లక్షల 47 వేల పైచిలుకు. అసలులో తగ్గింది మాత్రం 34 వేలు! నాలుగో ఏట జబ్బు చేసి ఆగిపోతే “నాలుగున్నర లక్షలు కట్టినాను, ఇంకా అంతే బాకీ చూపిస్తున్నాడు, మోసం” అని అతను గోల పెడతాడు. అది అంకెల మోసం కాదు, వడ్డీ రేటు చేసిన పని.

14 శాతానికి పోయేదెవరు? జీతం స్లిప్పు లేనివాళ్ళు, స్థలానికి రిజిస్టరు కాగితం సరిగా లేనివాళ్ళు. గ్రామకంఠంలో ఇల్లు, తాత పేరున పట్టా, ఇంటి పన్ను రసీదు తప్ప వేరే ఆధారం లేకపోవడం: వాడల్లో ఇది మామూలు. ప్రభుత్వ బ్యాంకు అటువంటి ఇంటికి అప్పివ్వడానికి వెనకాడుతుంది. ఆ జాగాలోకి ప్రైవేటు గృహరుణ కంపెనీలు ఎక్కువ వడ్డీతో వస్తాయి. భూమి మీద హక్కు కాగితం మనకు లేకుండా చేసింది కులం. కాగితం లేదు గనుక నీకు వడ్డీ ఎక్కువ అంటుంది మార్కెట్టు. ఇద్దరూ ఒకే లెక్కను రెండు పుస్తకాల్లో రాస్తున్నారు.

తొంభై రోజుల తర్వాత

2002లో వచ్చిన సర్ఫేసీ చట్టానికి ముందు, బ్యాంకు కూడా కోర్టుకో ట్రిబ్యునల్‌కో పోయి ఉత్తర్వు తెచ్చుకోవలసి వచ్చేది. ఈ చట్టం ఆ అవసరాన్ని తీసేసింది. కోటీశ్వరుల మొండి బకాయిలు వసూలు చెయ్యడానికే ఈ చట్టమన్నారు. ఆ కోటీశ్వరుడికీ మన పారిశుధ్య కార్మికుడికీ ఒకటే నోటీసు, ఒకటే గడువు. కోటీశ్వరుడికి వకీళ్ళ దండు ఉంటుంది, మనవాడికి ఆ ఇంగ్లీషు కాగితం చదివి పెట్టేవాడు ఉండడు. అదొక్కటే తేడా.

నడక ఇట్లా ఉంటుంది. కట్టవలసిన కిస్తీ 90 రోజులు దాటి బకాయి పడితే ఆ ఖాతాను నిరర్థక ఆస్తిగా రాస్తారు. అట్లా రాశాక ఒకటి రెండు కిస్తీలు కట్టినా ఖాతా మామూలు స్థితికి రాదు. పేరుకున్న బకాయి మొత్తం కట్టాలని రిజర్వు బ్యాంకు 2021లో స్పష్టం చేసింది. అందుకే ఆ 90 రోజుల లోపలే బ్యాంకుకు పోవాలి. ఆ మూడు నెలలు చాలా విలువైనవి.

తర్వాత 13వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ కింద డిమాండు నోటీసు వస్తుంది. మొత్తం బాకీ 60 రోజుల్లో కట్టమని అందులో ఉంటుంది. నోటీసు అందినాక ఆ ఇంటిని బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా అమ్మడానికి, మామూలు వ్యవహారంలో భాగం కాని లీజుకు ఇవ్వడానికి వీల్లేదు. ఈ 60 రోజుల్లో అప్పు తీసుకున్నవాళ్ళు రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టొచ్చు. పెడితే బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి.

60 రోజులు దాటితే బ్యాంకు అధికారి స్వాధీన నోటీసు ఇస్తాడు. దాన్ని ఇంటి మీద అంటిస్తారు, రెండు పత్రికల్లో వేస్తారు, అందులో ఒకటి స్థానిక భాషది. చాలాసార్లు ఇది కాగితం మీది స్వాధీనమే. మనుషులు ఇంట్లోనే ఉంటారు. మనుషుల్ని బయటికి పంపి తాళం వెయ్యడానికి బ్యాంకు 14వ సెక్షన్ కింద చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటునో, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటునో, కలెక్టరునో సాయమడుగుతుంది. ఆ దశలో అప్పుదారుణ్ణి పిలిచి వినే పద్ధతి లేదు. ఒకరోజు పొద్దున అడ్వకేటు కమిషనరో రెవెన్యూ అధికారో పోలీసులతో వస్తాడు. జనానికి కనపడే ఘట్టం ఇదొక్కటే. అందుకే సంఘాలు ఈ రోజున పరుగెత్తుకుని పోతాయి. అప్పటికి దారులు చాలా వరకు మూసుకుని ఉంటాయి.

చివరిది వేలం. ఇంటికి విలువ కట్టించి కనీస ధర పెట్టాలి. మొదటి వేలానికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కొన్నవాడు 25 శాతం వెంటనే కట్టి, మిగతాది సాధారణంగా 15 రోజుల్లో కట్టాలి. బాకీ, ఖర్చులు పోను మిగిలిన డబ్బు ఇంటివాళ్ళకు తిరిగి ఇవ్వాలి. ఈ మాట చాలామందికి తెలియదు, అడగరు. తక్కువ పడితే ఆ మిగులు బాకీ కోసం బ్యాంకు మళ్ళీ ట్రిబ్యునల్‌కు పోవచ్చు. ఇల్లూ పోయి, అప్పూ మిగలడమంటే ఇదే.

ఒక గడువు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. మొత్తం బాకీ, ఖర్చులతో సహా కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు 2016 సవరణకు ముందు అమ్మకం జరిగే దాకా ఉండేది. ఇప్పుడు వేలం ప్రకటన వెలువడేలోగా కట్టాలి. 2023లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. “వేలం రోజుకు డబ్బు సర్దుదాంలే” అనుకుంటే ఆలస్యమే.

ఈ చట్టం వర్తించనివి

31వ సెక్షన్‌లో కొన్ని మినహాయింపులున్నాయి. లక్ష రూపాయలకు మించని తనఖా అప్పులకు ఈ చట్టం వర్తించదు. అసలూ వడ్డీ కలిపిన దానిలో బాకీ 20 శాతం కంటే తక్కువ మిగిలితే వర్తించదు. వ్యవసాయ భూమికి వర్తించదు, కానీ అది నిజంగా వ్యవసాయ భూమేనని రుజువు చేసే బాధ్యత అప్పుదారుడిదేనని తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. గృహరుణ కంపెనీలు కాని మామూలు ఫైనాన్సు కంపెనీలకు 20 లక్షలకు తక్కువ అప్పుల మీద ఈ అధికారం లేదు. సహకార బ్యాంకులకు ఉందని 2020లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఊళ్ళో వడ్డీ వ్యాపారికి అసలే లేదు. అతను తాళం వేస్తే అది దౌర్జన్యం, పోలీసు కేసు.

అసైన్డు స్థలం సంగతి వేరు. 1977 నాటి అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం సాగు భూమికే కాదు, ఇంటి స్థలానికి కూడా వర్తిస్తుంది. తనఖాను కూడా బదిలీగానే లెక్కపెడుతుంది. ప్రభుత్వానికి, సహకార సంఘానికి, షెడ్యూల్డు బ్యాంకుకు పెట్టిన తనఖాకు 6వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. ప్రైవేటు గృహరుణ కంపెనీ షెడ్యూల్డు బ్యాంకు కాదు. కాబట్టి డి-పట్టా స్థలాన్ని అటువంటి కంపెనీ తాకట్టు పెట్టుకుంటే ఆ తాకట్టే చెల్లదని వాదించడానికి గట్టి ఆధారముంది. అయితే ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి ఈ చట్టానికి పలు సవరణలు వచ్చాయి. పట్టా ఏ సంవత్సరానిది, తాకట్టు ఏ తేదీది, ఆ తేదీన చట్టం ఏం చెబుతోంది అన్నవి మూడూ చూసుకుని మాట్లాడాలి.

నోటీసు వస్తే ఏం చెయ్యాలి

నోటీసు తీసుకోకుండా వెనక్కి పంపితే తప్పించుకోవచ్చని ఒక నమ్మకం ఉంది. అది తప్పు. తలుపు మీద అంటించినా, పత్రికలో వేసినా ఇచ్చినట్టే లెక్క. తీసుకోవాలి, అందిన తేదీ కవరు మీద రాసి పెట్టుకోవాలి.

ఆ తర్వాత ఖాతా స్టేట్‌మెంటు, అప్పు ఒప్పందం కాపీ, వడ్డీ రేటు మారిన తేదీలు రాతపూర్వకంగా అడగాలి. అడిగినట్టు అందిన ముద్ర వేయించుకోవాలి. కిస్తీ ఆలస్యానికి జరిమానాను వడ్డీ రేటుకు కలిపి, దాని మీద మళ్ళీ వడ్డీ వెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. పాత అప్పులకు కూడా ఇది 2024 నుంచి వర్తిస్తుంది. లెక్కలో ఈ తప్పు కనపడితే అభ్యంతరంలో రాయాలి.

ఇంటి యజమాని చనిపోయి కిస్తీలు ఆగితే, అప్పుతో పాటు బీమా చేశారేమో చూడాలి. అప్పు ఇచ్చినప్పుడే ప్రీమియం కోసుకుని ఉంటారు, విధవరాలికి ఆ సంగతే తెలియదు. బీమా సొమ్ముతో తీరవలసిన అప్పుకు ఆమె నగలమ్మి కిస్తీలు కట్టడం అన్యాయం.

60 రోజుల్లోగా అభ్యంతర పత్రం ఇవ్వాలి. అందులో ఏడుపు కాదు, నాలుగు సంగతులు ఉండాలి: ఎందుకు బకాయి పడింది, లెక్కలో తప్పులేమిటి, ఇప్పుడు నెలకు ఎంత కట్టగలం, గడువు పెంచి కిస్తీ తగ్గించడానికి ఒప్పుకుంటారా. కట్టగలిగినంత కట్టి రసీదుతో జతచెయ్యాలి. గడువు పెంచితే మొత్తం వడ్డీ పెరుగుతుంది, నిజమే. అయినా ఇల్లు నిలబడుతుంది. ఎట్లాగూ నిలుపుకోలేమని తేలితే, నోటీసు రాకముందే, మంచి ధరకు మనమే అమ్మి బాకీ తీర్చుకోవడం వేలం కంటే మేలు. చాలాసార్లు పరువు పేరుతో ఈ దారి మూసుకుంటాం. చేతిలో నాలుగు డబ్బులు మిగలవలసిన చోట ఏమీ లేకుండా బయటపడతాం. అప్పు మొత్తం తీర్చినవాళ్ళకు 30 రోజుల్లో దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. తమ తప్పుతో ఆలస్యం చేస్తే రోజుకు 5,000 రూపాయల చొప్పున చెల్లించాలి. 2023 డిసెంబరు నుంచి ఇది అమల్లో ఉంది.

డిమాండు నోటీసు మీద నేరుగా ట్రిబ్యునల్‌కు పోవడానికి లేదు. స్వాధీన నోటీసు వచ్చినాక 45 రోజుల్లో 17వ సెక్షన్ కింద అప్పుల వసూలు ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వెయ్యాలి. హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ ఈ ట్రిబ్యునళ్ళు ఉన్నాయి. సివిల్ కోర్టుకు ఈ విషయంలో అధికారం లేదు. హైకోర్టు కూడా ముందు ట్రిబ్యునల్‌కు పొమ్మంటుంది, 2010 నుంచి సుప్రీంకోర్టు వైఖరి అదే. ట్రిబ్యునల్‌కు పోవడానికి బాకీలో 75 శాతం ముందు కట్టాలన్న షరతును 2004లో మర్దియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పీలుకు పోతే మాత్రం 50 శాతం కట్టాలి, కారణాలుంటే 25 దాకా తగ్గించవచ్చు. అంటే పేదవాడికి ఉన్నది నిజంగా ఒకటే గుమ్మం.

ఆ గుమ్మం దగ్గరికి వకీలు లేకుండా పోనవసరం లేదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డు కులాలు, తెగల వాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. ఆ చట్టంలో కోర్టు అంటే ట్రిబ్యునల్ కూడా. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవల సంస్థకు కుల ధ్రువపత్రం, నోటీసు కాపీ పట్టుకుని పోవాలి. మనకు ఉన్న హక్కుల్లో మనం వాడుకోని హక్కు ఇది.

బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, గృహరుణ కంపెనీ మీద నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు ఫిర్యాదు చెయ్యొచ్చు. ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి. ఈ ఫిర్యాదులతో వేలం దానంతట అది ఆగదని మాత్రం గుర్తుంచుకోవాలి.

అట్రాసిటీ చట్టం, కమిషన్: ఎంత దాకా?

చట్టప్రకారం నోటీసులిచ్చి బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకుంటే అది దానికదే అట్రాసిటీ కాదు. ఈ విషయంలో కార్యకర్తలు జనాన్ని తప్పుదోవ పట్టించకూడదు. ఆ కేసు నిలబడకపోతే 45 రోజుల గడువు అందులోనే కరిగిపోతుంది. కానీ వసూలుకు వచ్చినవాడు నలుగురి ముందు కులం పేరు పెట్టి తిడితే, అవమానిస్తే అది వేరు నేరం. 1989 చట్టం 3వ సెక్షన్ కింద కేసు అవుతుంది. నలుగురికీ కనపడే చోట జరిగి ఉండాలి, సాక్షులుండాలి. పొద్దున 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత అప్పుదారులకు ఫోన్లు చెయ్యకూడదని, బెదిరించకూడదని, బంధువుల్ని స్నేహితుల్ని వేధించకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పింది. ఏజెంట్లు చేసిన దానికి బాధ్యత బ్యాంకుదే.

షెడ్యూల్డు కులాల కమిషన్ విచారణ చెయ్యగలదు, అధికారుల్ని పిలిపించగలదు. స్టే ఇవ్వలేదు. 1996లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. కాబట్టి కమిషన్‌కు అర్జీ పెట్టడం ట్రిబ్యునల్ దరఖాస్తుకు తోడుగా ఉండాలి, దానికి బదులుగా కాదు.

వేలంలో కులం

చట్టంలో కులం పేరు ఎక్కడా లేదు. కులం లేని చట్టం కులమున్న ఊళ్ళో ఎట్లా పని చేస్తుందో చూడాలి.

మాలపల్లెలోనో మాదిగవాడలోనో ఉన్న ఇంటిని వేలం వేస్తే పాడేదెవరు? ఊరివాడు వచ్చి అక్కడ కాపురం ఉండడు. వాడలోవాడి దగ్గర డబ్బుండదు, ఉన్నా సాటివాడి ఇల్లు పాడుకోవడానికి మనసొప్పదు. పాడేవాళ్ళు లేకపోతే కనీస ధర తగ్గించి మళ్ళీ వేలం వేస్తారు. రెండో వేలానికి 15 రోజుల నోటీసు చాలు. ఆఖరికి స్థలాల వ్యాపారం చేసేవాడు కారుచౌకగా కొడతాడు. ఇల్లు కట్టడానికి ఇటుక, సిమెంటు, ఇనుము ధర అందరికీ ఒకటే; అమ్మేటప్పుడు ధర మాత్రం వాడను బట్టి. ఈ రెండిటి మధ్య తేడా అంటరానితనం ఖరీదు. అప్పు ఇచ్చేటప్పుడు ఈ తేడాను వడ్డీలో వసూలు చేస్తారు, వేలంలో మళ్ళీ వసూలు చేస్తారు.

ఇంకోటి జామీను. మనవాడికి జామీను పడేది మనవాడే. ఒక ఇల్లు కూలితే జామీను పడ్డ ఇంటి మీదికి కూడా నోటీసు వస్తుంది. ఒకే వాడలో అప్పులు గొలుసులాగా అల్లుకుని ఉంటాయి. అందుకని దీన్ని విడి కుటుంబాల కష్టంగా చూస్తే పరిష్కారం దొరకదు.

మనం చెయ్యగలిగింది

ప్రతి వాడలో చదువుకున్నవాళ్ళున్నారు. టీచరున్నాడు, డిగ్రీ చదివే పిల్ల ఉంది. ఒక నోటుబుక్కు పెట్టి ఎవరికి ఏ నోటీసు వచ్చింది, ఏ తేదీన, గడువు ఎప్పటికి అన్నది రాసి పెట్టడం పెద్ద పని కాదు. ఆ నోటుబుక్కు ఉంటే తాళం వేసే రోజున కాక, 60 రోజుల లోపల సంఘం కదులుతుంది. నోటీసు రావడం సిగ్గుపడే విషయం కాదని వాడలో చెప్పాలి. సిగ్గు పేరుతో దాచిపెట్టే ప్రతి రోజూ గడువులోంచి పోయే రోజే.

అడగవలసినవి కూడా ఉన్నాయి. అప్పు ఒప్పందం, నోటీసు తెలుగులో ఉండాలి. నోటీసుతో పాటే న్యాయ సహాయం ఎక్కడ దొరుకుతుందో రాయాలి. కుటుంబం కాపురముంటున్న ఒకే ఒక్క ఇంటి విషయంలో తాళం వేసేముందు మేజిస్ట్రేటు వాళ్ళ మాట వినాలి. కూలివాడి ఇంటికి 60వ సెక్షన్ ఇచ్చిన రక్షణ తనఖా సంతకంతో ఎగిరిపోకుండా, ఒక పరిమితి దాకానైనా నిలవాలి. వాడల్లోని ఇళ్ళకు రిజిస్టరు హక్కు పత్రాలు ఇచ్చి, ప్రభుత్వ బ్యాంకులు మామూలు వడ్డీకి అప్పులివ్వాలి. ఇవేవీ దానం అడగడం కాదు. కోటీశ్వరుడి అప్పుకు రాయితీలు ఇచ్చి సర్దుబాటు చేసే బ్యాంకును, కూలివాడి అప్పు దగ్గర కూడా అదే ఓపిక చూపమని అడగడం.

ఇంటి స్థలం కోసం కొట్లాడిన తరం ఇంకా మన మధ్యే ఉంది. వాళ్ళు తెచ్చిన స్థలంలో పిల్లలు కట్టుకున్న ఇల్లు, చదవడం రాని ఒక ఇంగ్లీషు నోటీసుతో పోకూడదు.